సీటు వచ్చునా? – లెక్క చూచుకొనుటను గూర్చిన పాఠము

పాఠ్య భాగము: లూకా 14:28–32



ఈ నెల పాఠమును మేము చేసిన ఒక తప్పుతోనే ఆరంభింపవలసియున్నది. 2024వ సంవత్సరము ఏప్రిల్ నెల చివరి ఆదివారమున, ఆరాధన ఆరంభమగుటకు ముందు, మన సంఘపు సహోదరుడొకడు చేతిలో ఫోను పట్టుకొని మా యొద్దకు వచ్చెను. ఆయన కూలి చేసి కుమారుని చదివించినవాడు. "అయ్యగారూ, పిలగానికి జేఈఈల తొంబై అయిదొచ్చింది. ఇగ ఐఐటీ సీటు పక్కా. మీరు ప్రార్థన జెయ్యాలె" అనెను. ఫోనులో 95 అను అంకె స్పష్టముగా కనబడుచుండెను. మేము సంతోషించితిమి. అంతటితో ఊరకుండక, ప్రసంగ వేదిక మీదనుండి ఆ అబ్బాయి పేరు చెప్పి, కంది ఐఐటీలో సీటు వచ్చినట్లే ప్రకటించి, సంఘమంతటిచేత స్తుతి చెల్లించితిమి. జూలై నెలకు ఆ సీటు రాలేదు. ఆ అబ్బాయి మూడు నెలలు చర్చి గుమ్మము త్రొక్కలేదు. వాడు ఎవరికిని అబద్ధము చెప్పలేదు, తండ్రియు చెప్పలేదు. లెక్క చూడక ప్రకటించినవారము మేమే.

ఆ 95 అనునది మార్కులు కావు. అది పర్సెంటైలు. ఈ రెంటికి గల భేదము తెలియకపోవుటచేత మన పల్లెలలో ఎన్ని ఇండ్లలో ముందు మిఠాయి పంచబడి తరువాత కన్నీళ్లు కారుచున్నవో చెప్పజాలము. గనుక ఈ పాఠము.

ప్రభువు ఆ భాగములో రెండు ఉపమానములు చెప్పెను. మొదటిది గోపురము కట్టగోరిన మనుష్యునిది. వాడు తన యొద్దనున్న ధనము పని ముగించుటకు చాలునో చాలదో ముందుగా చూచుకొనవలెను. రెండవది పదివేలమందితో యుద్ధమునకు బయలుదేరు రాజుది. అతడు ఎదుటనుండి వచ్చుచున్న ఇరువదివేలమందిని లెక్కపెట్టవలెను. ప్రభువు ఈ మాటలను తన వెంబడి వచ్చుటకు అగు వెలను గూర్చి చెప్పెను గాని కళాశాలలను గూర్చి చెప్పలేదని మేము ఎరుగుదుము. వాక్యమును రబ్బరువలె సాగదీయుట మాకు ఇష్టము లేదు. అయినను వినువారందరు వివేకమని ఒప్పుకొను సంగతినే ఆయన దృష్టాంతముగా తీసికొనెను గదా. మొదటివాడు తన చేతిలోనిదానిని లెక్కించెను. రెండవవాడు ఎదుటివారిని లెక్కించెను. మన ఇండ్లలో మొదటి లెక్క కొంతవరకు జరుగుచున్నది. రెండవది బొత్తిగా జరుగుట లేదు.

పర్సెంటైలు అనునది ఆ రెండవ లెక్కయే. 95 పర్సెంటైలు అనగా, పరీక్ష వ్రాసిన నూరుమందిలో ఇంచుమించు 95మంది మనవానికి సమానముగానో క్రిందనో ఉన్నారని అర్థము. మిగిలిన అయిదుగురు పైన ఉన్నారు. నూటికి అయిదుగురే గదా అనుకొందుము. అయితే 2024లో జేఈఈ మెయిను వ్రాసినవారు 14 లక్షలకు పైబడినవారు. 14 లక్షలలో నూటికి అయిదు అనగా డెబ్బది వేలు. ఆ డెబ్బది వేలమంది మన అబ్బాయికి ముందు వరుసలో నిలిచియున్నారు. ఆ సంవత్సరము దేశములోని 23 ఐఐటీలన్నిటిలో కలిపి ఉన్న సీట్లు 17,740 మాత్రమే. పైగా మెయినులో ర్యాంకు వచ్చిన వెంటనే ఐఐటీ ఇయ్యబడదు. అన్ని వర్గములనుండి కలిపి సుమారు రెండున్నర లక్షలమందిని మాత్రమే అడ్వాన్స్‌డు అను రెండవ పరీక్షకు అర్హులనుగా చేయుదురు. 2024లో సామాన్య వర్గమునకు ఆ గడప 93.23 పర్సెంటైలు. మన అబ్బాయి ఆ గడప దాటెను. అది నిజముగా మెచ్చుకొనదగిన సంగతియే. కాని అది లోపలి గది కాదు, వాకిలి మాత్రమే. వాకిలి దాటి రెండవ పరీక్ష రెండు పత్రములు వ్రాసినవారు 1,80,200మంది. సీట్లతో పోల్చిన పదిమందికి ఒక సీటు.

ఇది చదివి ఎవరును గుండె జారవిడువవద్దు. అదే 95, ఐఐటీకి చాలకపోయినను, మరియొక తలుపు ఎదుట చాలవచ్చును. చాలునో చాలదో కనుగొనుటయే పని.

మా తాతల కాలమున ఈ లెక్కకు అవకాశమే లేదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు అక్కడ బోధన ఉర్దూలో జరిగెను. 1948 వరకు అట్లే జరిగెను. తెలుగు మాత్రమే ఎరిగిన పల్లె పిల్లవానికి అది దాదాపుగా మూసిన తలుపే. మిషను బడిలో చదివినవానికి దొరగారు వ్రాసిచ్చు ఉత్తరమే ఆధారము. ఉత్తరము దొరికినవాడు పైకి వెళ్లెను, దొరకనివాడు పొలమునకు వెళ్లెను. నేడు ఉత్తరము లేదు. దాని స్థానమున పట్టిక యున్నది. ఏ సంవత్సరము ఏ కళాశాలలో ఏ శాఖలో ఎంత ర్యాంకుతో చివరి సీటు నిండెనో ప్రభుత్వమే అచ్చువేసి చూపుచున్నది. ఐఐటీలకు, ఎన్ఐటీలకు జోసా వారు ప్రతి విడతకు మొదటి ర్యాంకును చివరి ర్యాంకును ప్రకటింతురు. మన రాష్ట్రపు ఇంజనీరింగు కళాశాలలకు ఈఏపీసెట్ చివరి ర్యాంకుల పట్టిక గలదు. ఎవని సిఫారసును అక్కరలేకయే చదువుకొనవచ్చును. అయితే చదువు విధము తెలియవలెను. ఇక్కడ మూడు గుంటలు ఉన్నవి. మేము చూచిన కుటుంబములు ఎక్కువగా వీటిలోనే పడినవి.

మొదటిది, పేరు ఒకటే గాని ర్యాంకు ఒకటి కాదు. ఈఏపీసెట్‌లో అందరికిని ఒకే ర్యాంకు. పట్టికలో బీసీ వరుసలో కనబడునదియు ఆ సామాన్య ర్యాంకే. జోసా పట్టికలో అట్లు కాదు. అక్కడ ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ వరుసలలో ఉన్నవి ఆయా వర్గములలోపలి ర్యాంకులు. ఒక వర్గపు ర్యాంకు వెయ్యి అని యుండును. అదే పిల్లవాని సామాన్య ర్యాంకు అంతకు ఎన్నో రెట్లు ఉండును. ఒకదానిని మరియొకదానితో పోల్చినయెడల లెక్క అంతయు తలక్రిందులగును. ర్యాంకు కార్డు మీద రెండును అచ్చువేయబడియుండును. ఏ వరుసతో పోల్చుచున్నామో దానికి తగిన ర్యాంకును తీసికొనవలెను.

రెండవది, అర్హుడైనవాడు సీటు పొందినవాడు కాడు. 2024లో ఈఏపీసెట్ ఇంజనీరింగు పరీక్ష వ్రాసిన 2,40,000మందికి పైగా విద్యార్థులలో సుమారు 75 శాతము అర్హులైరి. "క్వాలిఫైడ్" అని ఫోనులో వచ్చినంత మాత్రమున ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల వాకిట చాప పరచినట్లు కాదు. 160 మార్కులలో 40 తెచ్చుకొన్నవాడు అర్హుడే. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ కనీస మార్కు కూడ లేదు.

మూడవది, చోటు. మన షాద్‌నగర్ నుండి గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయము దగ్గర, వరంగల్ దూరము. గనుక దగ్గరది సులభమనియు దూరపుది కష్టమనియు మనవారు తలంతురు. నిజము వేరు. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము కేంద్ర ప్రభుత్వపుది. అక్కడ తెలంగాణ పిల్లవానికి ప్రత్యేకమైన భాగము లేదు. అయిదేండ్ల ఇంటిగ్రేటెడు కోర్సులకు 2022 నుండి సీయూఈటీ పరీక్ష పెట్టిరి. దేశమంతట వ్రాసిన పిల్లలతో మనవారు పోటీపడవలెను. వరంగల్ ఎన్ఐటీలోనైతే సగము సీట్లు స్వరాష్ట్రపు వారికి విడిగా ఉంచబడినవి. ఇంటరు ఏ రాష్ట్రములో ఉత్తీర్ణుడైతే అదే వాని స్వరాష్ట్రము. పట్టికలో స్వరాష్ట్ర వరుస, ఇతర రాష్ట్ర వరుస వేర్వేరుగా ఉండును. రాష్ట్ర కళాశాలలలో 85 శాతము సీట్లు స్థానికులకే. ఇట్లు కండ్లకు దగ్గరగానున్నది లెక్కలో దూరమైనదిగాను, దూరమైనది దగ్గరగాను ఉండవచ్చును.

ఇప్పుడు చెప్పవలసిన సంగతి కొంత బరువైనది. ఎవరి హృదయమును గాయపరచవలెనని మేము వ్రాయుట లేదు.

మన సంఘములలో అనేక కుటుంబములు ఎస్సీ కులములనుండి ప్రభువును నమ్ముకొని వచ్చినవే. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరింపజేసిరి. క్రైస్తవులకు ఇయ్యలేదు. ఎస్టీలకు ఈ అడ్డు లేదు. లంబాడీ సహోదరుడు ఏ మతములోనున్నను ఎస్టీయే. ఎస్సీనుండి క్రైస్తవులైనవారికిని వారి సంతతికిని మన రాష్ట్రములో బీసీ-సి అను వర్గము గలదు. దాని భాగము నూటికి ఒకటి. ఎస్సీల భాగము నూటికి పదునైదు. జేఈఈలో ఎన్ఐటీ, ఐఐటీ సీటునకు ఇంటరులో సాధారణముగా 75 శాతము మార్కులు కావలెను. ఎస్సీ, ఎస్టీలకు 65 చాలును. పదునైదునకు ఒకటి అను ఈ అంకె చేదైనది. అదే పేటలో, అదే బావి నీళ్లు త్రాగి, అదే అవమానము అనుభవించిన ఇద్దరు పిల్లలలో ఒకనికి ఒక కొలత, ఆదివారము చర్చికి వచ్చువానికి మరియొక కొలత. ఇది మారవలెనని సుప్రీంకోర్టులో 2004లో అర్జీ వేయబడెను. 2022లో కేంద్ర ప్రభుత్వము ఈ ప్రశ్నను పరిశీలించుటకు ఒక కమిషనును నియమించెను. మారవలెనని కోరువారిలో మేమును ఉన్నాము.

అయితే లెక్క చూచుకొను తండ్రి మారబోవు న్యాయముతో గాక ఉన్న న్యాయముతో లెక్క చూడవలెను. కాగితములో ఎస్సీ అని యుండి, సంఘపు పుస్తకములో బాప్తిస్మపు వరుస యున్న కుటుంబములు మనలో ఉన్నవి. అట్టివారిని మేము వెలివేయము. ఆకలిని, అప్పును మేము ఎరుగుదుము. కాని 2024 నవంబరు నెలలో సుప్రీంకోర్టు ఇట్టి సంగతిలోనే తీర్పు చెప్పెను. బాప్తిస్మము పొంది, క్రైస్తవ విశ్వాసములో నడుచుకొనుచు, ఉద్యోగము కొరకు ఎస్సీ ధ్రువపత్రము కోరిన స్త్రీ అర్జీని త్రోసివేసెను. ఒకడు ఎస్సీ వరుసలో లెక్క చూచుకొని, ఆ వరుసలో సీటు పొంది, మూడవ యేట ఎవడో పిటిషను పెట్టగా కాగితము చెల్లకపోయినయెడల, సీటు పోవును, గడిచిన సంవత్సరములు పోవును. అప్పుడు ఆ పిల్లవాడు తండ్రిని ఏమని అడుగును? మనము ఇచ్చు జవాబు ఏది? దీనిమీద మన పెద్దల సభలోనే రెండు తలంపులు ఉన్నవని దాచము. మేము అడుగునది ఇంతే: తనిఖీ అధికారి యెదుట మీ కుమారుడు ఏ వరుసలో తల యెత్తుకొని నిలువగలడో, ఆ వరుసలోనే ముందుగా ఇంట కూర్చుండి లెక్క చూడుడి.

బీసీ-సి వరుసను చూచువారికి ఒక హెచ్చరిక. అరువది సీట్ల తరగతిలో నూటికి ఒకటి అనగా ఒక సీటు కూడ పూర్తిగా కాదు. గనుక ఒక శాఖలో ఒక యేట ఒక సీటు ఉండవచ్చును, మరియొక యేట లేకపోవచ్చును. ఉన్న ఒక్క సీటునకు ఎవరు వచ్చిరో దానినిబట్టి చివరి ర్యాంకు ఒక యేట ఆకాశమునకును మరుయేట పాతాళమునకును పోవును. ఒక్క సంవత్సరపు అంకెను చూచి సంతోషింపవద్దు, ఏడువనువద్దు. మూడు నాలుగేండ్లవి ప్రక్కప్రక్కన వ్రాసికొనుడి. అంతకంటె ముందుగా ఓపెన్ వరుసను చూడుడి. ఆ సీట్లు ఏ ఒక్క వర్గమువారివి కావు. ర్యాంకు ఉన్న ప్రతివానివి. మన పిల్లలకు ఆ వరుస వర్తింపదని అనేకులు తలంచుచున్నారు. అది తప్పు. అమ్మాయిలకైతే ఇంకొక మాట: ఐఐటీలలోను ఎన్ఐటీలలోను ఆడపిల్లలకు వేరుగా సీట్లు గలవు, ఆ వరుస చివరి ర్యాంకు తరచుగా మగపిల్లలదానికంటె సడలియుండును. కుమార్తె ర్యాంకును కుమారుల వరుసలో చూచి నిరాశపడిన తల్లిని మేము ఎరుగుదుము.

కేంద్ర సంస్థలకు బీసీ-సి కాగితము సరిపోదు. కేంద్రపు ఓబీసీ జాబితాలో మీ వర్గమును చూచుకొని, కేంద్ర ప్రభుత్వపు నమూనాలో నాన్-క్రీమీలేయరు ధ్రువపత్రము తీసికొనవలెను. ఐఐటీవారు ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన గాని తరువాత గాని ఇచ్చినదానినే అంగీకరింతురు. గనుక ఏప్రిల్ మొదటి వారములోనే మీసేవకు వెళ్లుడి. జూన్ నెలలో తహసీలు కార్యాలయము ఎదుట ఎండలో నిలుచు జనమును మీరు చూచియున్నారు గదా.

పరీక్షకు ముందే తన బలమెంతో ఎట్లు తెలియును? మా సలహా సులభమైనది. గడిచిన సంవత్సరముల ప్రశ్నపత్రములు మూడింటిని, గడియారము ఎదుట పెట్టుకొని, మధ్యలో లేవకుండ ఇంటనే వ్రాయింపుడి. మూడింటిలో మంచిదానిని కాదు, నడిమిదానిని మీ పిల్లవాని మార్కుగా ఎంచుకొనుడి. మన ఆశ ఎల్లప్పుడును మంచిదానినే పట్టుకొనును. కోచింగువారి మాట మీద ఆధారపడవద్దు. నగరములోని ఒక కళాశాల ప్రతినిధి మన సంఘపు విధవరాలి యింటికి వచ్చి, పత్రికలోని ర్యాంకర్ల ఫొటోలు చూపి, సీటు ఖాయమని చెప్పగా ఆమె పుస్తె తప్ప మిగిలిన బంగారమంతయు కుదువపెట్టెను. ఆ పుటలో నలువదిమంది ముఖములు ఉండెను. ఆ నలువదిమంది ఎంతమందిలోనుండి వచ్చిరని ఆమె అడుగలేదు, మేమును ఆమెకు నేర్పలేదు. సువార్తలోని రాజు అడుగు ప్రశ్న అదే గదా.

ప్రార్థనను గూర్చి ఒక మాట. లెక్క చూచుట అవిశ్వాసమని ఒక పెద్ద మాతో అనెను. ప్రార్థింపవద్దని మేము చెప్పము, మేమును ప్రార్థింతుము. కాని అదే సీటు కొరకు మరియొక ఊరిలో మరియొక తల్లియు మోకరించియున్నది. ఆమె మొర మన మొరకంటె తక్కువదని మేము ఎట్లు అనగలము? పిల్లవానికి ధైర్యము, ఆరోగ్యము, నెమ్మది ఇమ్మని అడుగుదము. ఇంకొకని సీటు మనకిమ్మని అడుగుటకు మాకు నోరు రాదు.

లెక్క ముగిసిన తరువాత ఆప్షన్లు పెట్టు పని యున్నది. ఇక్కడ భయము వలన కొందరు, గర్వము వలన కొందరు చెడుచున్నారు. యంత్రము మీ జాబితాను పైనుండి క్రిందికి చూచును. పైది దొరకనియెడల తరువాతిదానికి దిగును. పైన కష్టమైనదానిని వ్రాసినంత మాత్రమున క్రిందిది పోదు. గనుక మనసులోని కోరికను మొదట వ్రాయుడి. అది రాదని ముందే కొట్టివేయవద్దు. దాని క్రింద చివరి ర్యాంకులకు దగ్గరగానున్నవి వ్రాయుడి. అట్టడుగున, గడిచిన మూడేండ్లలోను మీ ర్యాంకునకు తప్పక దొరికినవి నాలుగైదు వ్రాయుడి. అయిదే పెట్టి, అవి దొరకక, ఏ సీటును లేక ఇంట కూర్చున్న పిల్లలు మన మండలములో ఉన్నారు.

ఫీజు భయముతో ఐఐటీ పేరు కొట్టివేయువారును కలరు. అక్కడ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు బోధన రుసుము లేదు. ఇతరులలోను కుటుంబపు వార్షికాదాయము లక్ష రూపాయలకు లోబడినయెడల అది పూర్తిగా మాఫీ; లక్షనుండి అయిదు లక్షల వరకు మూడింట రెండు వంతులు మాఫీ. భోజనము, వసతి ఖర్చు వేరుగా చూచుకొనవలెను.

అందరును ఇంజనీర్లే కావలెనా? హెచ్ఈసీ, సీఈసీ చదివిన పిల్లలు డిగ్రీకి దోస్త్ ద్వారా ఇంటరు మార్కుల మీదనే ప్రవేశము పొందుదురు. 1887లో స్థాపింపబడిన నిజాం కళాశాల, కోఠి మహిళా కళాశాల (2022లో విశ్వవిద్యాలయమైనది) ఆ దారిలోనివే. షాద్‌నగర్‌లో రైలెక్కి కాచిగూడ దిగినయెడల రెండును దగ్గరే. ఆ కోఠి భవనము ఒకప్పుడు ఆంగ్లేయ రెసిడెంటు దొర నివసించిన మేడ. నేడు అక్కడ కూలివారి కుమార్తెలు చదువుచున్నారు. ఈ సంగతి తలంచినప్పుడెల్ల మాకు సంతోషము.

మొదట చెప్పిన అబ్బాయి మాట మరచితిమని అనుకొనవద్దు. జూలై నెలలో ఒక సాయంకాలము మేమే వాని యింటికి వెళ్లి, సంఘము ఎదుట వాని పేరు తొందరపడి చెప్పినందుకు క్షమాపణ అడిగితిమి. వాడు చాలసేపు మాటాడలేదు. తరువాత లోపలికి పోయి ఈఏపీసెట్ ర్యాంకు కార్డు తెచ్చెను. వసారాలో దీపము క్రింద ముగ్గురము కూర్చుండి, మూడేండ్ల పట్టికలు ఫోనులో తెరచి, నోటు పుస్తకములో ముప్పది రెండు పేర్లు వ్రాసితిమి. వానికి పదునొకండవ పేరు గల కళాశాలలో సీటు వచ్చెను. ఆ మరుసటి ఆదివారము వాడు చర్చికి వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను. ఈసారి మేము వేదికనుండి ఏమియు ప్రకటింపలేదు.

ఈ సంవత్సరము పరీక్షలు వ్రాయుచున్న పిల్లలును వారి తలిదండ్రులును ఈ నెల మూడవ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆదివారపు బడి గదికి రావలెనని కోరుచున్నాము. హాలు టికెట్టు, ఇంటరు మార్కుల కాగితము, కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, ఒక నోటు పుస్తకము తెచ్చుకొనుడి. పట్టికలు చదువనెరిగిన ఇద్దరు ఉపాధ్యాయులు మనతో కూర్చుందురు. ఇతర సంఘములవారును, చర్చికి రాని ఇరుగుపొరుగువారి పిల్లలును రావచ్చును.